ఐదో ఖోకా

గురునాథం ఎన్‌సీసీలో చేరింది దేశం కోసం కాదు, ఇస్త్రీ కోసం. ఖాకీ ప్యాంటుకి గట్టిగా గంజిపెట్టి బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తే, ఆ మడత మీద వంకాయ పెడితే రెండు చెక్కలవుతుందని కాలేజీలో ఎవడో చెప్పాడు. చేరిన మొదటి వారమే ఇంట్లో పెట్టి చూశాడు. వంకాయ తెగింది. ఆ పూట వాళ్ళమ్మ బాలసరస్వతి కత్తిపీట పక్కన పెట్టి ప్యాంటుతోనే కూర తరిగిందని గుంటూరులో వాళ్ళ వీధి వీధంతా చెప్పుకున్నారు.

లోకంలో ఉన్న వస్తువులన్నీ గురునాథం దృష్టిలో రెండే రకాలు. కడిగినవి, కడగాల్సినవి. ఎనభై నాలుగు డిసెంబరు సెలవుల్లో అద్దంకి దగ్గర ఎర్రగట్టుపాలెంలో పది రోజుల క్యాంపు అంటే పెట్టెలో మూడు సబ్బులు సర్దుకుని మరీ వచ్చాడు. ఒకటి ఒంటికి, ఒకటి చేతులకి, మూడోది ఆ రెండు సబ్బుల్నీ కడగడానికి.

వచ్చి తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజుల్లో అతను పప్పులో ఈగని చూశాడు, ఈగ మీద పప్పుని చూశాడు. పక్క మంచం అంకమ్మరావు మేజోళ్ళు విప్పితే గుడారం గుంజ ఒకటి దానంతటదే పక్కకి ఒరగడం చూశాడు. ఇంక ఒక్క రోజే కదా అని పళ్ళ బిగువున భరిస్తున్నాడు. ఆ ఒక్క రోజే ఫైరింగు.

తెల్లారి ఏడింటికి నలభై మంది కేడెట్లనీ ఊరవతల గుట్ట దగ్గరికి నడిపించాడు హవల్దారు యేసుపాదం. ఆయనది వేటపాలెం. పద్దెనిమిదేళ్ళు పటాలంలో చేసి, ఇప్పుడు కాలేజీ కుర్రాళ్ళకి ఎడమ కాలేదో కుడి కాలేదో చెప్పే పనికి వచ్చాడు. గుట్ట ముందు వంద మీటర్ల దూరంలో దుప్పటి పరిచి, దాని మీద ఒక తుపాకీ పడుకోబెట్టాడు. పసిబిడ్డని పడుకోబెట్టే వాళ్ళు కూడా అంత జాగ్రత్త పడరు.

"ఇదిగో, దీని పేరు సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. ఎస్సెల్లార్. ఇన్నాళ్ళూ మీరు కొట్టిన పాయింట్ టూటూ దీని ముందు బొమ్మ. పాత త్రీనాట్‌త్రీ అయితే గుండు పేలాక బోల్టు నువ్వే వెనక్కి లాగాలి, నువ్వే ముందుకి తొయ్యాలి. దీనికి ఆ బాధ లేదు. గుండు పొయ్యేటప్పుడు వెనక పుట్టిన గ్యాసు కొంచెం ఈ పై గొట్టంలోకొచ్చి లోపల పిస్టన్‌ని వెనక్కి తంతది. ఖాళీ తొడుగు బయటికి ఎగురుద్ది, కొత్త తూటా లోపలికి దూరుద్ది. నువ్వు చెయ్యాల్సిందల్లా మళ్ళీ నొక్కటమే."

"గ్యాసుతోనే నడుస్తదా సార్?" అన్నాడు వెనక వరసలోంచి బుడాన్. "అయితే రాత్రి మన పప్పు తిన్నట్టుంది."

నలభై మందీ నవ్వారు. హవల్దారు నవ్వలేదు. ఆయన చివరిసారి నవ్వింది డెబ్బై ఒకటి యుద్ధం అయిపోయిన రోజునని ప్రతీతి.

"ఒక నొక్కుడికి ఒక గుండే. వేలు నొక్కిపెట్టి ఉంచితే సినిమాలో లాగా డడడడా అని పేలదు. వేలు వదిలి మళ్ళీ నొక్కాలి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. గొట్టం మూతి ఎప్పుడూ గుట్ట వైపే. పక్కకి తిప్పినోడికి ఆ రోజు నా చేతిలో పెళ్ళే. ఈ మీట ఎస్ మీదుంటే సేఫ్, ఆర్ మీదుంటే పేలుద్ది. ఖాళీదే నాలుగున్నర కేజీలు. ఈ వెనక చెక్క బట్టు, దీన్ని భుజం గుంటలో బిగించి పెట్టు, సందిచ్చావా ఎద్దు తన్నినట్టు తంతది. చెంప బట్టుకి ఆనించి, ఈ వెనక చిల్లులోంచి ఆ ముందు ములుకు చూసి, ఊపిరి సగం వదిలి, బిగబట్టి, నిమ్మళంగా నొక్కు. అయిందా?"

గురునాథానికి వీటన్నిట్లోకీ ఒక్క ముక్కే చెవిలో పడింది. చెంప బట్టుకి ఆనించాలి. మనుషులు నలభై మంది. తుపాకీ ఒకటి. బట్టు ఒకటి. అతని వంతు ఇరవై నాలుగోది. అంటే ఇరవై మూడు చెంపల చెమటా, ఇరవై మూడు రకాల మొటిమలూ, ఇరవై మూడు తలల కొబ్బరి నూనే ముందుగా ఆ కర్రకి పట్టి, ఆ పైన తన చెంప.

"ఇంకో మాట," అన్నాడు హవల్దారు. ఒక ఇత్తడి తొడుగు రెండు వేళ్ళతో పైకెత్తి చూపించాడు. "ఇది ఖోకా. గుండు పొయ్యాక మిగిలేది. మనిషికి ఐదు తూటాలు ఇస్తా, ఐదు ఖోకాలు నాకు తిరిగి రావాలి. ఎస్సెల్లార్ దీన్ని కుడి పక్కకి ఇసిరి కొడతది, నాలుగు గజాలు పోయినా పోద్ది. అందుకని ఎవుడి తరవాత వంతు ఎవుడిదో వాడు, కొట్టేవోడి కుడి పక్క మోకాళ్ళ మీద కూర్చుని టోపీ పట్టాలి. ఖోకా టోపీలో పడాల. ఐదుకి నాలుగు తెచ్చాడా, వాడి టార్గెట్ కాయితం నా చేత్తో చించేస్తా. దేవుడు దిగొచ్చి చెప్పినా వినను."

ఆ మాటకి బుడాన్ మొహంలో నవ్వు పోయింది.

బుడాన్, గురునాథం ఒకే క్లాసు. బుడాన్ వాళ్ళ నాన్న సిలార్ దూది ఏకి పరుపులు కుడతాడు. ఇంట్లో ముగ్గురు మనుషులూ, ముప్పై మంది మనుషులంత దూదీ ఉంటారు. సిలార్ దగ్గితే నోట్లోంచి చిన్న దిండుకి సరిపడా దూది వస్తుందని బుడాన్ నవ్వుతూనే చెబుతాడు గానీ, ఆ దగ్గు విన్నవాళ్ళెవరూ నవ్వరు. ఈ క్యాంపులో ఐదు గుళ్ళూ అందరికంటే దగ్గర దగ్గరగా కొట్టినవాణ్ణి ఒక్కణ్ణే హైదరాబాదు పోటీలకి పంపుతారు. ఆ కాయితం చేతిలో ఉంటే పోలీసు సెలక్షన్‌కి పనికొస్తుందని, ఇక దూది ఏకే విల్లు ముట్టుకోనక్కర్లేదని బుడాన్ ఆశ. తొమ్మిది రోజులుగా నిద్దట్లో కూడా కుడి చూపుడు వేలు నిమ్మళంగా ముడుస్తున్నాడు.

ఫైరింగు మొదలవ్వాలంటే మోచేతుల కిందకీ తుపాకీ కిందకీ ఇసక బస్తాలు కావాలి. ఆ పూచీ ఎన్‌సీసీ ఆఫీసరు, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే రామమూర్తి గారిది. గుండ్లకమ్మ ఇసక ట్రాక్టరుతో తోలించారు. గోతాలు మాత్రం గుంటూరు నుంచి తెప్పించారు. తెలిసిన మిర్చి వ్యాపారి ఊరికే ఇచ్చాడట.

"మాస్టారూ, ఇవి మిరప గోతాలు కదండీ?" అన్నాడు గురునాథం, అల్లంత దూరం నుంచే ముక్కు మూసుకుని.

"బాగా దులిపించానయ్యా. రెండుసార్లు."

కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసిన మనిషి మాట. నమ్మారు.

మొదటివాడు బోర్లా పడుకున్నాడు. గురి చూశాడు. పేల్చాడు. గుండు ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ దెబ్బకి బస్తాల్లోంచి ఎర్రటి పొగ ఒకటి లేచి గుట్టనీ టార్గెట్‌నీ తుపాకీనీ కలిపి మింగేసింది. గోతాలు దులిపినప్పుడు పోయింది పైన కారం. నేతలో దాక్కున్న కారం తుపాకీ దెబ్బ కోసమే కాచుకుని కూర్చున్నట్టుంది. పేల్చినవాడు రెండు చేతులా కళ్ళు పట్టుకుని వాళ్ళమ్మని పిలిచాడు. టోపీ పట్టినవాడు పదకొండుసార్లు తుమ్మి, పన్నెండోది రాక ఏడ్చాడు. అర మైలు అవతల పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని, ఇక్కడెవరో పోపు మాడ్చారని తిట్టారు.

"ఆపమంటారా?" అన్నారు రామమూర్తి గారు, కళ్ళద్దాల లోపల నుంచి నీళ్ళు కారుతుండగా.

"యుద్ధంలో ఆపుతారా సార్?" అన్నాడు యేసుపాదం. "కొట్టండ్రా!"

కొట్టారు. ఇరవై రెండు మంది, తలా ఐదు. ప్రతివాడి ముక్కూ కుళాయి. ప్రతివాడి చెంపా ఆ బట్టు మీదే. చెమట, మొటిమలు, కొబ్బరి నూనె అని గురునాథం వేసిన లెక్కలో చీమిడి లేదు. ఇప్పుడు అది కూడా వచ్చి చేరింది. పదిహేనోవాడు లేచేటప్పటికి బట్టుకీ వాడి చెంపకీ మధ్య ఒక తీగ సాగింది. అది తెగేదాకా చూసి గురునాథం పక్కకెళ్ళి పొద్దున తిన్న ఉప్మా బయటికి పంపించాడు. లోపలికి వెళ్ళేటప్పటికంటే ఇప్పుడే అది కాస్త శుభ్రంగా ఉందనిపించింది అతనికి.

అందరి గుళ్ళూ గుట్టలోకే. తూముల్లా కారే కళ్ళతో టార్గెట్ కాదు గదా, గుట్ట తగలడమే గొప్ప.

ఇరవై మూడోవాడు బుడాన్.

బుడాన్ వచ్చి పడుకున్నాడు. భుజం గుంటలో బట్టు బిగించాడు. వెనక చిల్లులోంచి ముందు ములుకు చూశాడు. అప్పుడు చేశాడు వాడు, ఆ మిగతా ఇరవై రెండు మందికీ చేతకాని పని. ఊపిరి బిగబట్టాడు. పుట్టిన దగ్గర్నుంచి దూది పొగలో పెరిగినవాడు. నాన్న విల్లు మీటి దూది లేపినప్పుడల్లా ఊపిరి ఆపడం, కళ్ళు సగం మూయడం వాడికి మాటలకంటే ముందే వచ్చాయి. కారం వాడి ముక్కు దాకా వచ్చి, తలుపు వేసుండటం చూసి వెనక్కి పోయింది.

ఢాం. టార్గెట్ దగ్గర కాయితం ఉలిక్కిపడింది.

కుడి పక్కన మోకాళ్ళ మీద గురునాథం. చేతిలో తన సొంత టోపీ. చచ్చిన ఎలకని తోక పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో అంచు పట్టుకున్నాడు. ఖోకా వేడివేడిగా నూనె ఓడుతూ వచ్చి టోపీలో పడింది. ఈ టోపీ మళ్ళీ తల మీద పెట్టుకోవాలి. గురునాథం కళ్ళు మూసుకున్నాడు. రెండోది పడింది. మూడు. నాలుగు.

"సెభాష్ రా దూదేకులోడా!" అన్నాడు వెనక నుంచి యేసుపాదం. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన నోట్లోంచి వచ్చిన మూడో మెచ్చుకోలు అది.

బుడాన్ ఐదోది నొక్కబోతున్నాడు. సరిగ్గా అప్పుడు గురునాథం ముక్కు చివర ఒక చుక్క వేలాడింది. ముక్కు కింద టోపీ. చుక్క సాగింది. ఇంకా సాగింది. ఇంకో క్షణంలో తన చీమిడి తన టోపీలో పడుతుంది. గురునాథం ఆలోచించలేదు. టోపీ పక్కకి లాగేశాడు.

ఢాం.

ఐదో ఖోకా ఎండలో తళుక్కుమంటూ, టోపీ ఉండాల్సిన చోటి మీదుగా, గురునాథం చెవి పక్కగా ఎగిరి, వెనక చిల్లచెట్ల ముళ్ళతుప్పల్లోకి పోయింది.

టార్గెట్ కాయితం తెచ్చారు. ఐదు చిల్లులు. అరచెయ్యి అడ్డం పెడితే ఐదూ మూసుకుపోతాయి. హవల్దారు కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, నమ్మకం కుదరక వేలు కూడా దూర్చి చూశాడు. "మిగతావోళ్ళు ఎంత కొట్టినా దీన్ని దాటరు, ఇంక హైదరాబాదుకి వీడే. ఖోకాలు తే."

గురునాథం టోపీ వంచాడు. నాలుగు.

"ఐదోది?"

"అటు ఎగిరింది సార్," అన్నాడు గురునాథం.

యేసుపాదం చిల్లచెట్ల వైపు చూశాడు. అందరూ చూశారు. ఎవ్వరూ కదల్లేదు.

ఆ చిల్లచెట్ల సంగతి చెప్పాలి. ఎర్రగట్టుపాలెం మొత్తం చెంబులు పట్టుకుని పొద్దున్నే వచ్చేది అక్కడికే. మామూలుగా అయితే జనం నాలుగింటి నుంచి తొమ్మిదింటి దాకా నిదానంగా, తలా ఒక మూలకి పోతారు. కానీ నిన్న యేసుపాదం ఊళ్ళో దండోరా వేయించాడు, ఏడు దాటాక ఆ వైపు పిట్ట కూడా రాకూడదు, తుపాకులు పేలతాయని. మంచి మనుషులు, మాట విన్నారు. ఊరు ఊరంతా తెల్లారి ఆరున్నరకల్లా వచ్చి, గుట్ట అవతలకి పోడానికి భయపడి, అందరూ ఆ పావెకరంలోనే, ఒక్కసారిగా పని ముగించుకుని పోయారు. కారం ఘాటు వల్ల ఇప్పటిదాకా తెలియలేదు గానీ, గాలి తిరిగింది. ఇప్పుడు తెలిసింది.

"ఫైరింగు పది నిమిషాలు ఆపుతున్నా," అన్నాడు యేసుపాదం, గడియారం చూసుకుని. "దొరికిందా సరి. దొరక్కపోతే కాయితం చించుతా. మాటంటే మాటే."

"కాస్త చూసీ చూడనట్టు..." అన్నారు రామమూర్తి గారు.

"రెండొందల తూటాలకి సంతకం పెట్టింది నేను సార్. నూట తొంభై తొమ్మిది ఖోకాలు తీసుకెళ్తే నన్ను చూసీ చూడనట్టు ఊరుకోరు."

ముప్పై ఎనిమిది మందీ తలో పుల్ల విరుచుకుని చిల్లచెట్ల అంచున వరసగా నిలబడ్డారు. అంత చక్కటి వరస తొమ్మిది రోజుల పరేడ్‌లో ఒక్కనాడూ రాలేదు. ఒక్కడూ అడుగు లోపలికి వెయ్యలేదు. అంకమ్మరావు, ఎవడి మేజోళ్ళకి గుడారం ఒరిగిందో ఆ అంకమ్మరావు, ముక్కు పట్టుకుని "ఛీ, ఏం మనుషుల్రా బాబూ" అన్నాడు.

బుడాన్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడుస్తున్నాడు.

"ఎటు పోయిందిరా?" అని అడిగాడు.

గురునాథానికి అబద్ధం నోటి దాకా వచ్చింది. తుపాకీ అట్టా ఇసిరిందనొచ్చు. కారం కళ్ళల్లో పడిందనొచ్చు. చూసినవాడు లేడు.

"నేనే లాగానురా టోపీ," అన్నాడు.

"ఏంది?"

"ముక్కు కారింది. టోపీలో పడుద్దని లాగాను."

బుడాన్ మడవడం ఆపి చూశాడు. తిడితే బావుండుననిపించింది గురునాథానికి. వాడు తిట్టలేదు.

"నీ చీమిడి నీకే అసయ్యమంట్రా?" అన్నాడు, అంతే. అని మళ్ళీ రెండో కాలు మడవడం మొదలుపెట్టాడు.

ఆ రెండో కాలు మడత అయ్యేలోపు గురునాథం చిల్లచెట్లలో ఉన్నాడు. గంజి పెట్టిన ప్యాంటుతోనే. మడవడం కూడా మర్చిపోయాడు.

లోపల ఏముందో పూర్తిగా రాస్తే చదివేవాళ్ళు ఇవాళ అన్నం తినరు. కాబట్టి సగమే. కాలు పెట్టడానికి చోటు లేదు. చోటు ఉన్నట్టు కనబడ్డ చోట ఉన్నది ఆకు, ఆకు కింద ఉన్నది చోటు కాదు. ఈగలు లేస్తే నీడ పడింది, వాలితే ఎండ వచ్చింది. రాత్రి ఎర్రగట్టుపాలెంలో ఎవరింట్లో ఏం కూర వండారో గురునాథానికి తెలిసిపోయింది. గోంగూర ఎక్కువమంది. ఒకరింట్లో మాత్రం పెళ్ళి భోజనం.

మూడు నిమిషాలు. ఐదు నిమిషాలు. ముల్లు గుచ్చుకుంది. దాన్ని తీసే తీరిక లేదు, తీసినా ఏ చేత్తో తియ్యాలో తెలియదు.

"ఇంక మూడు నిమిషాలే!" అని అరిచాడు యేసుపాదం.

అప్పుడు మెరిసింది. ఒక చెట్టు మొదట్లో, సరిగ్గా మధ్యలో, నిటారుగా, సగం దాకా దిగబడి నిలబడి ఉంది ఐదో ఖోకా. బుడాన్ కూడా ఐదు గుళ్ళతో అంత సరిగ్గా మధ్యన కొట్టలేదు.

గురునాథం రెండు పుల్లలు విరిచాడు. పట్టకారులాగా పట్టి లేపాడు. జారింది. మళ్ళీ పట్టాడు. ఇంకా దిగింది. మూడోసారికి అంచు మాత్రం కనబడుతోంది. నాలుగోసారి పుల్లతో ముట్టుకుంటే అదీ కనబడదు.

పుల్లలు పారేశాడు. పుట్టినప్పట్నుంచి ఇరవై ఏళ్ళు కడుక్కుంటూ కాపాడుకొచ్చిన కుడి చేతిని ఒక్కసారి చూసుకున్నాడు. ముంచాడు.

బయటికి వచ్చేసరికి, ఇందాకటి చక్కటి వరస ఎటు పోయిందో పోయింది. ముప్పై ఎనిమిది మందీ గాలి ఎగువకి పరిగెత్తారు. వాళ్ళకంటే ముందు రామమూర్తి గారు. పటాలంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క అడుగు వెనక్కి వెయ్యని హవల్దారు యేసుపాదం నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఖోకా సార్," అన్నాడు గురునాథం, చెయ్యి చాపి.

"అక్కడ... అక్కడే ఉండు."

"ఐదు ఖోకాలూ మీకు తిరిగి రావాలన్నారు కదా సార్."

యేసుపాదం రెండు యుద్ధాలు చూసినవాడు. మెడ ఇంత పొడుగు సాచి, ముక్కు మూసుకుని, అక్కణ్ణుంచే లెక్కపెట్టాడు. "ఐదు. సరిపోయినయ్. పేరు రాయండి సార్, బుడాన్."

పేరు రాశారు. చెట్టు వెనక నుంచి రాశారు.

కడుక్కోడానికి నీళ్ళంటే ఎవడూ సీసా ఇవ్వలేదు. బుడానే తన సీసా తెచ్చి, మూరెడు ఎత్తు నుంచి పోశాడు. గురునాథం బస్తా విప్పి ఇసకతో రుద్దాడు. మిరప గోతాం ఇసక. చెయ్యి మోచేతి దాకా మంట. ఆ మంట ఎంత బావుందో అతను తర్వాత చాలామందికి చెప్పాడు, ఎవరికీ అర్థం కాలేదు.

"ఇరవై నాలుగు!" అని పిలిచాడు హవల్దారు.

గురునాథం వెళ్ళి బోర్లా పడుకున్నాడు. ఇరవై రెండు మంది చీమిడి ఎండకి ఆరి మెరుస్తున్న ఆ బట్టుకి చెంప ఆనించాడు. ఇంట్లో దిండులా ఉంది. ఇక్కడ ఎక్కువ మురికిగా ఉన్నది ఈ తుపాకీ కాదు, తనే.

"టోపీ ఎవుడు పడతాడు? తరవాత వంతు ఎవుడిది?"

తరవాత వంతు అంకమ్మరావుది. "సార్, నాకు పొద్దుట్నుంచీ జొరం," అన్నాడు పాతిక గజాల దూరం నుంచి. తక్కినవాళ్ళకి కూడా ఒక్కసారే జ్వరాలు వచ్చాయి. కుడి పక్కన ఖాళీ. ఖోకాలు మళ్ళీ అటే పోతాయి. గురునాథం చిల్లచెట్ల వైపు చూసి, మళ్ళీ టార్గెట్ వైపు చూశాడు.

పక్కన మోకాళ్ళు ఆనిన చప్పుడైంది.

బుడాన్. రెండు చేతులా తన టోపీ చాపి పట్టుకున్నాడు.

"కంపు కొడతన్నాన్రా," అన్నాడు గురునాథం తల తిప్పకుండా. "పో."

"కొట్టరా. నాకు ఊపిరి బిగబట్టడం వచ్చుగా."

అని నిజంగానే బిగబట్టాడు. గురునాథం కళ్ళల్లో కారం, చేతిలో మంట, ములుకు రెండుగా కనబడుతోంది. ఒక్కో గుండుకీ ఎంతో సేపు పట్టింది. మూడు టార్గెట్‌కి తగిలాయి, రెండు గుట్టకి. బుడాన్ మొహం ఎర్రబడింది, తరవాత నీలంగా మారింది, మెడ నరాలు తాళ్ళలా లేచాయి. టోపీ మాత్రం కదల్లేదు.

ఐదో ఖోకా టోపీలో పడ్డ చప్పుడు విన్నాకే వాడు ఊపిరి వదిలాడు. వదిలి, పీల్చి, "అబ్బా, ఛీ!" అని ఇసకలో వెల్లకిలా పడిపోయాడు, టోపీ గుండెలకి హత్తుకుని.